కాళ్లు చూసి చదివిన చైనా అక్షరం

2023 ఎండాకాలం. కోంటాలో మోటార్లు, మిక్సీలు బాగుచేసే దుకాణం నాది. చైనా ఇంజినీర్లు సందేహాలు వస్తే నా దగ్గరికే వచ్చేవారని బజార్లో చెప్పుకునేవాణ్ణి. ఆ కీర్తి గొల్లపల్లి దాకా పాకింది. అక్కడ కోళ్ల సంఘం నడిపే ముత్తమ్మ కబురు పెడితే వెళ్లాను.

సంఘానికి ఒక ఇంక్యుబేటర్ ఉంది. కోడి బదులు కరెంటుతో గుడ్లు పొదిగే పెట్టె. లోపల వేడి, తేమ రెండూ సరిగ్గా ఉండాలి. ఊళ్లోవాళ్ల గుడ్లన్నీ అందులోనే ఉన్నాయి, పిల్లలు బయటికొచ్చే రోజు కూడా అదే. పెట్టె ఆగకుండా కూస్తోంది. అంకెల తెర ఆరిపోయింది. ప్యానెల్ మీద రెండు వరుసల చైనా రాత, కింది వరుస పక్కన ఎర్రబల్బు మిణుకుమంటోంది. తలుపు తీస్తే ఉన్న తేమ పోతుంది. ఫోనుతో చదివిద్దామంటే నెట్‌వర్క్ లేదు.

"ఏమంటాంది అన్నా? పిల్లలు రాకుంటే ఇంటింటికీ నేనే జవాబు చెప్పాలె."

"వేడి తగ్గిందంటోంది," అన్నాను ధీమాగా.

చైనా రైస్ కుక్కర్లలో అన్నాన్ని వెచ్చగా ఉంచే బటన్ మీద చూసిన అక్షరమే మరి. ఎడమన మూడు చుక్కలు, కుడివైపు పైన అడ్డగీత ఉన్న డబ్బా. వేడి పెంచే మీట మీద వేలు పెట్టాక కళ్లు పైవరుసకు పోయాయి. అక్కడా అవే చుక్కలు, అదే డబ్బా! ఒకటి వేడి, ఒకటి తేమ. ఏది ఏదో తప్పితే పిల్లలు గుడ్డులోనే ఉడికిపోతాయి.

"ఏంది, చెమటలు కారుతున్నయ్? చైనాల గిట్లనే చదువుతరా?"

ఇంతలో ఒక ఎర్రపెట్ట లోపలికొచ్చింది. ముత్తమ్మ దాన్ని పట్టి, కాలు తిప్పి చూసి, బయటికి వదిలేసింది.

"మాది గాదు, మా యారాలిది."

"తోటికోడలిదని ఎలా తెలిసింది?"

"ఈకలు అన్నిటికీ ఒక్కతీరే. పిల్లప్పుడే గోరు కోస్తం, ఇంటికో గోరు. కాలు చూడాలె."

నేనూ అక్షరాల కాళ్లు చూశాను. పైవరుసలో 温. అడుగున కిటికీ ఊచలు. కుక్కర్ మీదిది ఇదే. బల్బు పక్కన 湿. అడుగున మొలకల్లాంటి గీతలు. అంటే గోలంతా తేమది, ఈ ఎండల్లో తగ్గేదే అది! తలుపు తీయకుండా, బయటి గొట్టం గుండా లోపలికి గోరువెచ్చని నీళ్లు పోశాం. కాసేపటికి కూత ఆగింది. మధ్యాహ్నానికి ఒక గుడ్డు చిట్లి, ముక్కు బయటపడింది. ముత్తమ్మ నేల మీద కూలబడి నవ్వింది.

"నీకు నిజంగ చైనా బాస వచ్చా అన్నా?"

"గుడ్డు పగిలేంత వచ్చు."

అప్పటినుంచి తెలియని అక్షరమంటే నాకు భయం లేదు, ఎవరినైనా అడుగుతాను. తెలిసినట్టుండే అక్షరం కనబడితేనే మీట మీంచి వేలు తీసేస్తాను.