మా ఆయన గొంతుతో ఎవరో మాట్లాడారు

పక్కింటావిడ ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "ఒదినా, అన్నయ్య ఇలాగన్నాడేటి? దుర్గాపూజ పందిరి తగలెట్టేయాలంట!"

ఆ ఫోనులో వీడియో చూశాను. మా తెలుగు చర్చిలో వాక్యం చెప్పే బల్ల వెనక, తెల్ల చొక్కాలో, మా ఆయనే. పెదాలూ ఆయనవే, గొంతూ ఆయనదే. హిందీలో గడగడా ఆ పాడుమాటలు. నాకు ఒక పిచ్చి నవ్వొచ్చింది. ఆయన మాట్లాడి రెండేళ్లయింది మరి!

గొంతుకి కేన్సరొచ్చి స్వరపేటిక తీసేశారు. మెడలో పెట్టిన కన్నంలోంచే ఊపిరి. ఆయన పెదాలు కదిపితే నేను చూసి పైకి చెబుతాను. చర్చిలో ప్రార్థన కూడా అలాగే చేస్తాం. పాత వీడియోల్లోంచి ఎవడో పాపిష్ఠివాడు ముఖమూ గొంతూ తీసుకుని ఇది అల్లాడు.

మా గల్లీవాళ్లకి ఆయన సంగతి తెలుసు. కానీ మధ్యాహ్నానికల్లా మా తలుపు ముందు చేరినవాళ్లంతా కొత్తవాళ్లు. క్షమాపణ చెప్పమని అరుస్తున్నారు. నిజం చెప్పొద్దూ, ఈ కలకత్తా గార్డెన్ రీచ్‌లోనే పుట్టి పెరిగిన నేను ఆ రోజు వెనక తలుపుంటే పారిపోయేదాన్నే.

ఆయనే వెళ్లి గడియ తీశారు. పెదాలు కదిపారు.

"నేనలా అనలేదు బాబూ. ఏటేటా ఈ గల్లీవాళ్లతో కలిసి పందిరి కర్రలు మోసినవాణ్ణి," అని నేను హిందీలో చెప్పాను.

"నువ్వే కల్పించి చెప్తున్నావు కాకీమా. ఆయన్నే చెప్పమను," బెంగాలీలో పిన్నీ అని పిలుస్తూనే అన్నాడొకడు.

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ నోరు పడ! ఆయన చెప్పగలిగితే నాకెందుకురా ఈ తిప్పలు?"

ఆయన మెడకు చుట్టుకున్న గుడ్డ విప్పేశారు. కన్నకూతురి ముందు కూడా విప్పని మనిషి. ఊపిరి తీసినప్పుడల్లా ఆ కన్నం అదురుతోంది. అరిచినవాడు తల దించుకున్నాడు. ఒకరిద్దరు ఫోన్లెత్తి వీడియో తీశారు. తర్వాత అందరూ వెళ్లిపోయారు. హమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాను.

మర్నాటికి ఆ మెడ వీడియో కూడా ఊరంతా తిరిగింది. దాని కింద జనం రాసినవి మా అమ్మాయి చదివి వినిపించింది. "ఎటావ్ బానానో." ఇది కూడా తయారుచేసిందేనట! ఆ కన్నం కంప్యూటర్లో పెట్టిందేనట! ఇంటికొచ్చి తేల్చుకుంటామని ఇంకెవడో రాశాడు.

పూజ డప్పులు మొదలయ్యాయి. ఆ మోత దగ్గరైనకొద్దీ లేచి లేచి తలుపు గడియ చూసుకున్నాను. ఆయన చేపల బజారుకి సంచి తీసుకుంటే తలుపుకి అడ్డం నిలబడ్డాను. "వొద్దండీ, మీకు దండం పెడతాను."

ఆయన నా ముఖంలోకి చూసి పెదాలు కదిపారు. "ఇంకేటి సూపించమంటారే ఆళ్లు?"

"నాన్న ఏటన్నాడమ్మా?" అని అమ్మాయి అడిగింది. నేను ఆయన మెడకున్న గుడ్డ సరిచేస్తూ ఉండిపోయాను.