వెనక చక్రానికి మెత్తటి టైరు

సైకిల్ టైరు మంచిదో చెడ్డదో తొక్కేవాడికి సగమే తెలుస్తుంది. వాడికి ముందు దారి కనిపిస్తుంది. గుంత వస్తే సీటు మీద నుంచి కొంచెం లేస్తాడు. వెనక క్యారేజీ మీద ఒక పక్కకు కాళ్ళు వేసుకుని కూర్చున్న మనిషికి గుంత కనిపించదు. నడుముకు తగిలాకే తెలుస్తుంది. పెళ్ళయినప్పటి నుంచి నేను ఆ క్యారేజీ మీదే కూర్చున్నాను. కాబట్టి టైర్ల సంగతి నేను చెబితే వినొచ్చు.

మాది నెల్లికుదురు దగ్గర చిన్న పల్లె. బస్సు ఆగే పెద్ద రోడ్డుకు పోవాలంటే ఊరి నుంచి సగం దూరం కంకర, మిగతా సగం డాంబరు. కంకర పోసినవాళ్ళు మళ్ళీ వచ్చి పని పూర్తి చేస్తామన్నారు. రాలేదు. ఊళ్ళో ఇంటింటికీ మోటారు సైకిల్ వచ్చింది కానీ మా ఆయన తన సైకిల్ వదల్లేదు. ఒకసారి పక్కింటివాళ్ళ బండి నేర్చుకుంటానని ఎక్కి, నేరుగా పత్తి చేనులోకి తోలాడు. పత్తి చెట్లు విరిగినందుకు బాధపడ్డాడు తప్ప తన మోకాలు చూసుకోలేదు. మళ్ళీ ఆ బండి ముట్టలేదు.

ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఏ వస్తువు కొన్నా చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, "ఎన్నేండ్లు వస్తది?" అని అడిగేవాడు. బావి మోకు కొన్నా అదే మాట, గొడుగు కొన్నా అదే మాట. నాకు చీర కొంటే రంగు చూసేవాడు కాదు. అంచు దగ్గర రెండు చేతులతో పట్టుకుని గుంజి చూసేవాడు. దుకాణం వాళ్ళు మొత్తుకునేవాళ్ళు. మా అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆయన్ని ఎగతాళి చేసేది.

"పెండ్లి సూపులల్ల నిన్ను సూసి గూడ మా అన్నను పక్కకు దీస్కపోయి గదే అడిగిండు బిడ్డా, ఎన్నేండ్లు వస్తదని. మా అన్న ఏం జెప్పిండో ఏమో, ఒప్పుకున్నడు."

ఆయన నవ్వేవాడు కాదు. "అడగకుంట ఎవలన్న తీస్కుంటరా అత్తా?" అనేవాడు.

టైర్లయినా అంతే. పాల క్యాన్లు కట్టుకుని తిరిగేవాళ్ళు వేసుకునే దళసరి టైరే ఆయనకు కావాలి. ఆ టైరుకు పక్కలు కూడా మందంగా ఉంటాయి, వేలితో నొక్కితే లొంగవు. తుమ్మ ముల్లు గుచ్చుకున్నా సగంలోనే ఆగిపోతుంది. ఏళ్ళ తరబడి అరగదు. అది దాని మంచి. దాని చెడ్డ ఏమిటంటే, కింద ఉన్న ప్రతి రాయిని మోసుకొచ్చి మన ఎముకలకు అప్పజెబుతుంది. కంకర దాటేలోపు నా పళ్ళు ఒకదానికొకటి కొట్టుకునేవి. వయసులో ఉన్నప్పుడు అది ఒక నవ్వులాట. నేను "ఆ ఆ ఆ" అంటూ ఉంటే గొంతు కూడా వణికేది, ఆయన ముందు కూర్చుని "పాట మంచిగున్నది, పాడు" అనేవాడు.

కొన్నేళ్ళ కింద నాకు నడుము నొప్పి మొదలైంది. ఇన్నేళ్ళు వంగి నాట్లు వేసిన నడుము, నొప్పి పెట్టక ఏం చేస్తుంది అనుకున్నాను. రొమ్ములో గడ్డ ఉన్నట్టు కూడా నాకు తెలుసు. అది నొప్పి పెట్టలేదు కాబట్టి దాని జోలికి నేను పోలేదు, నా జోలికి అది రాదనుకున్నాను. అది లోపల్లోపల నడుము ఎముక దాకా పాకింది. మానుకోట దవాఖానలో ఫొటో తీసి పట్నం పంపారు. పట్నంలో ఏవేవో పరీక్షలు చేశాక, చివరి రోజు డాక్టరు ఆయన్ని ఒక్కడినే లోపలికి పిలిచాడు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను.

ఆయన బయటికి వచ్చి నా చెప్పుల వైపు చూస్తూ చెప్పాడు. "గోలీలు రాసిండు. నెలకోపారి మానుకోటల సూది ఎయ్యాలె. తక్కువైతదట."

"ఇంకేమన్నడు?"

"గంతే. పా, రైలు టైమైంది."

రైల్లో పల్లీలు అమ్మేవాడు రెండుసార్లు మా ముందు నుంచే పోయాడు, ఆయన తల ఎత్తలేదు. పల్లీలు కొనకుండా ఆయన రైలు దిగిన రోజు నేను చూడలేదు. జనగామ వచ్చింది. ఉన్నట్టుండి లేచి సంచి అందుకున్నాడు.

"దిగు."

"ఏందయ్యా, మన టేషన్ ఇంకా మస్తు దూరమున్నది గదా?"

"టైరు కొనాలె."

"మానుకోటల టైర్లు లేవా?"

"ఈడ మంచియి దొర్కుతయట. దిగవే, రైలు కదులుతది."

స్టేషన్ నుంచి కొంచెం నడిస్తే ఒక సైకిల్ దుకాణం. పక్కనే టీ కొట్టు. నన్ను టీ కొట్టు బల్ల మీద కూర్చోబెట్టి, చేతికి టీ గ్లాసు ఇచ్చి ఆయన దుకాణంలోకి పోయాడు. మధ్యలో గోడ లేదు, ఒక రేకు మాత్రమే. ప్రతి మాటా వినిపిస్తోంది.

"పెద్ద సైకిల్‌కు ఎనక టైరు గావాలె. ఎనక మనిషి కూసుంటది," అన్నాడు ఆయన.

"గిది దీస్కపో బాపు. పాలోళ్ళు, బట్టల మూటలోళ్ళు అందరు గిదే ఏస్తరు. నీ తర్వాత నీ మనుమలు గూడ తొక్కుతరు." దుకాణదారు మంచి హుషారు మనిషి.

టైరును కొక్కెం నుంచి దించిన చప్పుడైంది. నొక్కి చూస్తున్నాడని నాకు తెలుసు.

"గిది గట్టిగున్నది. మెత్తది లేదా?"

"మెత్తదా! గిగో. సాఫు రోడ్ల మీద దూరం దూరం తొక్కేటోళ్ళు గిసుంటివి కొంటరు. పక్కలు పలుచగుంటయి, కుదుపు దిగమింగుతది. కూసున్నోళ్ళకు పరుపు మీద ఉన్నట్టే. గని జర నిజం జెప్తున్న, మీ ఊర్ల కంకరున్నదా?"

"ఉన్నది."

"అయితే గిది నీకు వద్దు. కంకర మీద ఏడాది గూడ రాదు. మల్ల వచ్చి నన్ను తిడ్తవు."

మళ్ళీ టైరు నొక్కి చూసి ఉంటాడు. తర్వాత మా ఆయన అన్నాడు.

"ఏడాది వస్తే సాలు."

"ఏందే బాపు, ఏడాదైనంక సైకిల్ అమ్ముతవా?" అని దుకాణదారు నవ్వాడు. "ఎంత?" అన్నాడు ఆయన.

నాకు అక్షరాలు జుట్టు నెరవడం మొదలయ్యాక వచ్చాయి, ఊళ్ళో పెద్దవాళ్ళకు పెట్టిన సాయంత్రం బడిలో. ఇప్పటికీ గబగబా చదవలేను. ఒక్కో అక్షరం పట్టుకుని పక్కదానితో కలుపుకుంటూ పోతే చివరికి మాట అవుతుంది. ఆ రోజు టీ కొట్టు దగ్గర కూడా అట్లాగే కలుపుకున్నాను. డాక్టరు ఆయన్ని ఒక్కడినే పిలవడం. నా చెప్పులను చూస్తూ మాట్లాడటం. పల్లీలు కొనకపోవడం. మోకు, గొడుగు, చీర, అన్నీ ఎన్నేళ్ళు వస్తాయని అడిగిన మనిషి ఏడాది వస్తే చాలు అనడం. చదవడం అయిపోయింది.

టీ మాత్రం పూర్తిగా తాగాను. ఆయన టైరును భుజానికి తగిలించుకుని వచ్చి "పోదమా?" అన్నాడు. "పోదం" అన్నాను. అంతకంటే ఏమంటాను? ఆయన నా దగ్గర దాచాలనుకున్నాడు. దాచినట్టే ఉండనిచ్చాను. లేకపోతే ఆ మనిషి ఊరి దాకా నిలబడి రాగలిగేవాడు కాదు.

మెత్తటి టైరు వెనక వేశాడు. ముందు చక్రానికి పాత దళసరి టైరే ఉంచాడు. ఇక రెంటికీ తేడా చెప్తాను. మెత్తటిది చిన్న రాళ్ళను అసలు తెలియనివ్వదు. కంకర మీద పోతుంటే కింద ఏదో గరగరమని చప్పుడు వినిపిస్తుంది కానీ నడుముకు అందదు. పెద్ద గుంత వస్తే మాత్రం ఏ టైరూ కాపాడదు. మరో సంగతి, మెత్తదానికి ముల్లంటే భయం. మొదటి వానాకాలంలోనే రెండుమూడుసార్లు పంక్చరైంది. ఆయన చెట్టు కింద నన్ను కూర్చోబెట్టి, ట్యూబు బయటికి లాగి, చెంబు నీళ్ళల్లో ముంచి చూస్తూ అతుకు వేసేవాడు.

గాలి సంగతి కూడా ఉంది. ఇంటి దగ్గర నన్ను ఎక్కించుకునే ముందు వెనక చక్రం వాల్వు వదులు చేసి కొంచెం గాలి పోనిచ్చేవాడు. తుస్సుమనేది. బొటనవేలితో నొక్కి చూసి "ఎక్కు" అనేవాడు. కంకర దాటి డాంబరు రాగానే దిగి, పంపుతో మళ్ళీ గాలి కొట్టేవాడు. తిరిగి వచ్చేటప్పుడు డాంబరు చివర మళ్ళీ తుస్సు. గాలి తగ్గితే టైరు తొందరగా పాడవుతుందని ఆయనకు తెలుసు. తెలిసే చేశాడు.

నాకు మండేది. నేను పోయాక కూడా ఆయన ఈ కంకర మీదే తిరగాలి కదా. ఒక్కడే ఉండి, ముసలి చేతులతో రోజూ పంక్చర్లు వేసుకుంటాడా? ఆ మాట నోటితో అనలేను కాబట్టి టైరును తిట్టేదాన్ని.

"నీ మెత్త టైరు పాడుగాను! పాత గట్టిదే నయ్యముండె. అదే ఎయ్యరాదు?"

"నీకేం దెలుసు, కూసో."

"ఎనక కూసునేది నేను. నాకు దెల్వదా?"

"నోరు మంచిగనే పనిజేస్తున్నది. నడుముకు గూడ గంత బలముంటే బాగుండు," అనేవాడు.

సూదులు పడ్డాయి, గోలీలు పడ్డాయి. నెలలు పోయాయి. టైరు పక్కల సన్నటి బీటలు వచ్చాయి కానీ పగల్లేదు. వేపపూత మళ్ళీ రాలింది. ఒక పొద్దున సైకిల్ తుడుస్తూ వెనక చక్రాన్ని బొటనవేలితో నొక్కాడు. చాలాసేపు నొక్కే ఉంచాడు.

"ఏడాది దాటింది. ఇంకా మంచిగనే ఉన్నది గదా," అన్నాడు. చెయ్యి టైరు మీద ఉంది, చూపు నా మీద ఉంది.

"ఇంకొన్నొద్దులు వస్తది తీ," అన్నాను. చాట తీసుకుని లోపలికి వచ్చేశాను. నాకు తెలుసని ఆయనకు తెలుసో లేదో, ఇప్పటికీ చెప్పలేను. దాని గురించి మేము మాట్లాడుకున్నది ఆ రెండు మాటలే.

ఆ ఏడు పత్తి తీసేటప్పుడు, ఎండ ఎక్కకముందే చేనులో గెట్టు మీద కూర్చుని ఎద పట్టుకున్నాడు. కూలికి వచ్చినవాళ్ళు ఆటో పిలిచారు. నేను వెనక సీట్లో ఆయన తలను ఒళ్ళో పెట్టుకున్నాను. ఆటో ఆ కంకర మీదే పోయింది. ప్రతి రాయికీ ఆయన తల నా ఒళ్ళో ఎగిరిపడుతోంది. నన్ను ఒక్క కుదుపు తగలకుండా తిప్పిన మనిషి.

"మెల్లగ పోనియ్యి బిడ్డా, మెల్లగ," అన్నాను డ్రైవర్‌తో.

"ఏం మాట్లాడుతున్నవవ్వా! జల్ది పోనియ్యి, జల్ది!" అని డ్రైవర్ పక్కన కూర్చున్న కూలీ అరిచాడు. అతను అన్నదే సరైనది. కానీ నేను రెండు చేతులతో తలను పట్టుకుని మెల్లగ, మెల్లగ అంటూనే ఉన్నాను. డాంబరు రాకముందే ఆయన ఊపిరి ఆగిపోయింది. ఆ తర్వాత రోడ్డు సాఫుగా ఉంది.

ఇప్పుడు నేను భూపాలపల్లిలో నా బిడ్డ ఇంట్లో ఉంటున్నాను. అల్లుడు బొగ్గు బావిలో పనిచేస్తాడు. మంచివాడు, సూదికి తన మోటారు సైకిల్ మీద తీసుకుపోతాడు. దాని కింద స్ప్రింగులు ఉన్నాయి, టైర్లు లావు, కుదుపు తక్కువే. ఉన్నమాట చెప్పాలి, సైకిల్ కంటే అదే సుఖం.

సైకిల్‌ను కూడా వెంట తెచ్చుకున్నాను. బిడ్డ వద్దంది, నేను వినలేదు. ఇంటి ముందు గోడకు ఆనించి ఉంది. బొగ్గు లారీల దుమ్ము పడుతుంటే తుడుస్తాను. మొన్న చూస్తే ముందు టైరు పగిలి, చక్రం నేలకు అంటుకుని సైకిల్ ఒరిగిపోయి ఉంది. దీన్ని పట్టుకుని ఎవరూ నాకు పెద్ద మాటలు చెప్పొద్దు. ముందుది పాత టైరు, ఎప్పుడో ఒకప్పుడు పోవలసిందే.

అల్లుణ్ణి పంపి సైకిల్ షాపు మనిషిని పిలిపించాను. అతను రెండు చక్రాలూ నొక్కి చూశాడు.

"ఎనకది ఇంకా వస్తదవ్వా. ముందలిది మార్చాలె. ఎట్లాంటిది ఎయ్యమంటవు, మెత్తదా, గట్టిదా?"

"గట్టిది. పాలోళ్ళు ఏస్తరు సూడు, అది."

"తొక్కేదెవరు?"

"ఎవలు తొక్కరు."

అతను నా బిడ్డ వైపు చూశాడు. "అవ్వా, తొక్కని సైకిల్‌కు కొత్త టైరెందుకే?" అంది నా బిడ్డ.

"నిలవడాలె గదా," అన్నాను.