కోడికూర మీద నింద

మా వీధికి జాలి ఎక్కువ. ఎవరి పిల్లవాడు పరీక్ష తప్పినా, ఎవరి స్కూటర్ పోయినా, అశోక్‌నగర్ మలుపులో చాయ్ తాగే నలుగురూ ‘అయ్యో పాపం’ అంటారు. నేనూ అంటాను, అబద్ధం ఎందుకు? కానీ అందరూ కలిసి ఒకడి మీద జాలిపడితే, వాడి బరువు దింపడానికి ఇంకొకరి నెత్తి వెతుకుతారని నాకు మొన్నటిదాకా తెలియదు. ఆ నెత్తి నాదే అయింది.

మా ఆయన పోయాక ఇంటి కింది భాగంలో బల్లలు వేసి మెస్ పెట్టాను. ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు చిక్కడపల్లి లైబ్రరీ నుంచి పుస్తకాలు చంకలో పెట్టుకొని వస్తారు, తింటారు, మళ్లీ పోతారు. పప్పు, ఒక కూర, చారు, పెరుగు. ఆదివారం కోడికూర. ఇంతే నా వ్యాపారం, ఇదే నా బతుకు. అన్నం బాగాలేదని అన్నవాళ్లున్నారు, ఉప్పెక్కువైందని అలిగినవాళ్లున్నారు. నా వంట తిని పాడయ్యామని మాత్రం ఒక్కడూ అనలేదు.

అలా తినడానికి వచ్చినవాళ్లలో వాడొకడు, మెదక్ వైపు పల్లె వాడు. కానిస్టేబుల్ పరీక్షకని వచ్చాడు గానీ, మనసంతా బేస్‌బాల్ మీదే. బడిలో వ్యాయామం సార్ నేర్పాడట. పొద్దున్నే గ్రౌండ్‌కు పోయి, చెమటతో నేరుగా మా మెట్ల మీద కూలబడేవాడు. “పెద్దమ్మా, ఆకలి” అనేవాడు. ఆ రెండు మాటలకే నేను కరిగిపోయేదాన్ని. వాడి కంచంలో రెండు ముక్కలు ఎక్కువే పడేవి. మిగతా పిల్లలు గొణిగితే, వాడు రేపు దేశానికి ఆడబోయేవాడురా, మీరు కుర్చీలో కూర్చునేవాళ్లు, అని నోరు మూయించాను.

ఒక ఏడాదిలో వాడు గుర్తుపట్టలేనంతగా మారాడు. మెడ లావెక్కింది, చొక్కా చేతులు పిగిలేటట్టు కండలొచ్చాయి. నేనేమో నా చేతి మహిమ అనుకున్నాను! నల్లకుంట మార్కెట్లో కూరగాయలమ్మితో చెప్పాను, గుడిలో చెప్పాను, ఎదురింటావిడకు చెప్పాను. “పూచికపుల్లలా వచ్చాడమ్మా, నా కోడికూర తిని ఎట్లా అయ్యాడో చూడండి” అని. అడిగినవాళ్లకూ చెప్పాను, అడగనివాళ్లకూ చెప్పాను.

తర్వాత వాడు దేశం జట్టులోకి ఎక్కాడు. ఎక్కడో విదేశంలో ఆడిన ఆటలో వాడు కొట్టిన బంతి ప్రేక్షకుల నెత్తిమీదుగా బయటికి పోయింది. ఆ వీడియో మా వీధిలో అందరి ఫోన్లలోనూ తిరిగింది. ఆ ఆటకు ఎంతమంది కావాలో, బంతి కొట్టాక ఎటు పరిగెత్తాలో ఒక్కరికీ తెలియదు. మన బిళ్లంగోడు లాంటిదేనని అమెరికా చిర్రగోనె అని పేరు పెట్టుకున్నారు. అయినా చౌరస్తాలో ఫ్లెక్సీ లేచింది. మా వీధి పెద్ద, తహసీల్దార్‌గా చేసి రిటైరైనాయన, వాడికి శాలువా కప్పాడు. ఆటల కోటాలో సర్కారు ఉద్యోగం కూడా దాదాపు ఖాయమే అన్నారు. ఆ రోజు నేను మెస్‌లో అందరికీ సేమియా పాయసం పోశాను.

అంతలో పిడుగు పడింది. శిక్షణ శిబిరంలో మూత్రం పరీక్ష చేస్తే స్టెరాయిడ్ దొరికిందట, ఆటగాళ్లు వాడకూడని, కండలు పెంచే మందు. జట్టులోంచి తీసేశారు, ఉద్యోగం ఆగింది, విచారణ అన్నారు. మా వీధి ఒక్కసారిగా ఏడ్చింది. పల్లె పోరడు పైకొస్తే ఓర్వలేక తొక్కుతున్నారని ఒకరు, వేరే రాష్ట్రం వాళ్ల కుట్ర అని ఒకరు. కోచింగ్ సార్లు క్లాసులో పాఠం ఆపి వాడి గురించి చెప్పారు. చిక్కడపల్లి నుంచి నారాయణగూడ ఫ్లైఓవర్ దాకా కొవ్వొత్తులు పట్టుకొని నడిచారు. నేనూ నడిచాను. మైనం కారి వేళ్లు కాలితే వాడి కోసమే కదా అనుకున్నాను. వాడు ఆ మందు వేసుకున్నాడా, లేదా అని నడిచినవాళ్లలో ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ తర్వాత వాడు ఒక యూట్యూబ్ ఛానెల్‌లో మాట్లాడాడు. భోజనానికి వచ్చిన ఒక అమ్మాయి ఫోన్ నా ముందు పెట్టి చూపించింది. కళ్లనిండా నీళ్లు పెట్టుకొని చెప్తున్నాడు: “నేను ఏ సూది ఏసుకోలే, ఏ గోలి మింగలే. మెస్సుల కోడికూర తప్ప నాకేం దెల్వదు. ఇప్పుడు కోళ్లకు సూదులేస్తున్నరంట గద.”

నా పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఏముంది? వాడు ఎక్కడ తిన్నాడో ఊరంతా చెప్పి వచ్చింది నేనే కదా.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదే. ఆ రోజు చేతిలో గరిటె ఉందో, కింద పడిందో నాకు గుర్తులేదు. ఒళ్లంతా మండింది. వారం తిరక్కుండా సగం బల్లలు ఖాళీ అయ్యాయి. ఊళ్ల నుంచి తల్లిదండ్రులు ఫోన్లు చేసి పిల్లల్ని వేరే మెస్‌కు మార్చారు. నారాయణగూడలో నేను కోళ్లు కొనే దుకాణం ఆయన, ఎవరైనా అడిగితే మా పేరు తీయొద్దమ్మా అని బతిమాలాడు. గుడిలో పలకరించే ఆడవాళ్లు పలకరింపు తగ్గించారు. అన్నం పెట్టే చేతికి విషం పెట్టిందన్న పేరొస్తే ఇంకేం మిగులుతుంది? పైగా అదే కుండలో కూర అందరూ తిన్నారు. వాళ్లలో ఒక్కడికైనా కండలొచ్చాయా? పోలీసు పరుగు పరీక్షలో ఆయాసం తప్ప వాళ్లకు ఏమీ రాలేదు! ఈ ముక్క ఎవరితో అన్నా తల ఊపుతారు, ఊపి మళ్లీ “అయినా పాపం పోరడు” అంటారు. వాడు పోరడు, నేనేమో రాయిని.

ఒక ఆదివారం పొద్దున, నేను బియ్యం కడుగుతుంటే వీధి పెద్ద వచ్చాడు. వెనకాల మరో నలుగురు, ఫోన్‌లో వీడియో తీస్తున్న ఆ యూట్యూబ్ ఛానెల్ కుర్రాడు, అందరికంటే వెనక తలొంచుకొని వాడు. పెద్దాయన నాకు అన్న వరస. నా పెళ్లప్పటి నుంచి చెల్లె అనే పిలుస్తాడు. కుర్చీ వేశాను, చాయ్ ఇచ్చాను. ఇంటికొచ్చిన వాళ్లకు చాయ్ ఇవ్వకుండా ఉండే బుద్ధి మా అమ్మ నాకు నేర్పలేదు.

పెద్దాయన చాలా మెత్తగా మొదలుపెట్టాడు. విచారణలో వాడి తరఫున బలం కావాలట. నేను వీడియోలో ఒక్క మాట చెప్తే చాలట. నా మెస్ కోళ్లలో ఏదో ఉండి ఉండొచ్చు, తెలియక వండాను, అని. తెలియక చేసినదానికి నన్నెవరూ ఏమీ చేయరట. జనం నాలుగు రోజులు అనుకొని మర్చిపోతారట.

“నీకు పోయేదేముంది చెల్లె? పోరని బతుకు నిలబడతది. నువ్వే చెప్పినవ్ గద, నీ కూర తినే గంత కండ వచ్చిందని.”

మెత్తనివాళ్లను చూస్తే మొత్తబుద్ధి. నాకు పోయేదేముందట! ఖాళీగా పడున్న నా బల్లలు ఆయనకు కనిపించలేదు. ఆయనతో మాట్లాడటం మానేసి, వెనక నిలబడ్డవాడిని ముందుకు రమ్మన్నాను. వచ్చాడు. కళ్లు నా కాళ్ల మీదే ఉన్నాయి.

“బిడ్డా, నా మొహం చూసి చెప్పు. నా కూరల ఏమన్న ఉండెనా?”

వాడు తలెత్తి నెమ్మదిగా అన్నాడు.

“లేదు పెద్దమ్మ. నేనే ఏసుకున్న. ఉద్యోగం అయ్యేదాంక ఏసుకుందామనుకున్న.”

అందరూ విన్నారు. ఐదుగురు పెద్దమనుషులు, ఆ ఛానెల్ కుర్రాడు, అందరూ. నిజం చెప్పొద్దూ, నాకు ఆ క్షణంలో మళ్లీ వాడి మీద జాలే కలిగింది. ఇక అయిపోయింది, వీళ్లు తలలొంచుకొని లేచిపోతారు అనుకున్నాను. పెద్దాయన చాయ్ గుటక వేసి, గ్లాసు కింద పెట్టి, ఛానెల్ కుర్రాడి వైపు తిరిగాడు.

“గా ముక్క తీసెయ్యి. మల్ల మొదటికెళ్లి వీడియో తియ్యి.”

అంతే. ఒక్క కనురెప్ప కదల్లేదు. వాడు తప్పు చేయలేదని నమ్మి కాదు వీళ్లు జాలిపడింది. తెలిసినా తెలియకపోయినా వాడు మా వీధి పులి, ఫ్లెక్సీ ఎక్కినవాడు, వీళ్లు శాలువా కప్పినవాడు. వాడు దిగితే వీళ్ల మెప్పు దిగుతుంది. నేను వంటావిడను, నేను దిగితే ఎవరికీ నొప్పి లేదు.

అప్పుడు నేను అడిగాను. గొంతు పెంచలేదు, పెంచితే ఏడుపొస్తుందని భయం.

“అన్నా, పోరని మీద గంత పావురం, గంత ప్రేమ ఉంటే మీ ఇంట్ల తిన్నడని చెప్పున్రి. మీ ఇంట్ల వండిన కోడితోని అయిందని గీ ఫోన్‌ల మీరే చెప్పున్రి. నేను పక్కన నిలబడి అవునంట.”

ఆయన నిజంగా ఉలిక్కిపడ్డాడు. ఆలోచించి అనలేదు, నోట్లోంచి అలా వచ్చేసింది.

“మా ఇంట్లనా? మా ఇంటి ఇజ్జత్ ఏంగావాలె?”

ఇజ్జతట! పరువనేది వాళ్ల ఇంటికే ఉన్నట్టు! మిగిలిన నలుగురి వైపూ చూశాను, మీలో ఎవరింట్లోనైనా సరే అన్నాను. ఒకాయన ఫోన్ తీసి చూసుకున్నాడు. ఒకాయన మా గోడ మీద క్యాలెండర్ చదివాడు. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది, పన్నెండయితే పిల్లలొస్తారు, లేవండి అన్నాను. లేచారు. పెద్దాయన వెళ్తూ వెళ్తూ, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నాకు నీతి కూడా చెప్పాడు.

వాడు మాత్రం వాళ్లతో పోకుండా గుమ్మం దగ్గర ఆగాడు. వెనక్కి తిరిగి, ఎప్పుడూ ఆకలి అని అడిగే గొంతుతోనే అన్నాడు.

“ఏమనుకోకు పెద్దమ్మ.”

“అనుకుంట బిడ్డా,” అన్నాను. “బతికినన్ని రోజులు అనుకుంట.”