సూరత్‌లో మా ఇంటి రైతు

మా ఆయన రైతు. నేను అనడం లేదు, సర్కారు అంటోంది. ఊళ్లో రెండెకరాల మడి ఆయన పేరున ఉంది కనుక పంట పంటకూ పెట్టుబడి సాయం ఆయన బ్యాంకులోనే పడుతుంది. ఆ మడిలో కాలు పెట్టి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. ఇక్కడ సూరత్ భేస్తాన్‌లో బట్ట నేసే సాంచెలు నడుపుతాడు. నేను ఇంట్లో కూర్చుని, రింగ్ రోడ్ మార్కెట్ నుంచి వచ్చే చీరలకు మెరుపు రాళ్లు అంటిస్తాను.

దున్నేది మా తమ్ముడు. కౌలు ముందే కడతాడు. విత్తనాలు, ఎరువులు అన్నీ వాడే తెచ్చుకుంటాడు. పోయిన యాసంగిలో వడగండ్లు పడి వరి మొత్తం రాలిపోయింది. ఈ వానకాలం ఎలాగో దున్ని నారు పోశాడు గానీ నాట్ల కూలీలకు చేతిలో పైస లేదు.

"బావతోని జర మాట్లాడక్కా. సర్కారు పైసలన్న ఇస్తే నాట్లు పడ్తయి. లేకుంటే నారు ముదిరి ఖరాబైతది," అని ఫోన్‌లో బతిమాలాడు.

మాట్లాడాను. "పట్టా నాది, పైసలు నావి," అన్నాడు మా ఆయన. సొమ్మొకడిది, సోకొకడిది అంటే ఇదే. పైసలు పడిన రోజు మటన్ తెచ్చి, చుట్టుపక్కల వాళ్లను పిలిచి, వ్యవసాయం ఎంత కష్టమో చెప్తాడు. వినే నాకు సిగ్గేస్తుంది గానీ చెప్పే ఆ నోటికి లేదు.

ఆ నోటి సంగతి కూడా చెప్పాలి. సాంచెల మోతలో పనిచేసేవాళ్లకు చెవులు మందగిస్తాయి, గొంతు పెద్దదవుతుంది. మా ఆయన గుసగుస గల్లీ చివరిదాకా వినిపిస్తుంది. ఫోన్‌లో పైసలు పంపేటప్పుడు పిన్ నెంబరు గొణుక్కుంటాడు. గోడవతలి ఒడియా ఆవిడకు కూడా అది కంఠతా వచ్చు. ఆయన మాత్రం పరమ రహస్యం అనుకుంటాడు.

సాయం వేసే ముందు సాగులో ఉన్న భూములు చూడటానికి వ్యవసాయ సారు వస్తున్నాడని తెలిసి, రైలెక్కి ఊరికి ఉరికాడు. మెడలో కొత్త తువ్వాల వేసుకుని, మడి ఒడ్డు మీద నిలబడి నాకు ఫోన్ చేశాడు, చాటుగా చేస్తున్నాననుకుని.

"సార్ గీడనే ఉన్నడు. నేనే దున్నుతున్న అని చెప్పిన. నీ తమ్మున్ని కూలికొచ్చిండన్న. ఎవలకు చెప్పకు!"

ఫోన్‌లో పది మంది పగలబడి నవ్వారు. నవ్విన వాళ్లలో సారు కూడా ఉన్నాడని తమ్ముడు తర్వాత చెప్పాడు. నవ్వి, మా ఆయన పేరే రాసుకుని పోయాడట. పట్టా ఆయనదే కదా మరి. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆయన సూరత్ తిరిగొచ్చిన వారంలోపే పైసలు పడ్డాయి. ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి ఆయన స్నానానికి పోయినప్పుడు మెసేజ్ మోగింది. చేతికంటిన జిగురు కొంగుకు తుడుచుకుని, గల్లీ అంతటికీ తెలిసిన ఆ పిన్ నొక్కి, మొత్తం తమ్ముడికి పంపాను.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చి ఫోన్ చూశాడు. "పైసలేవే?"

మెల్లగా చెప్తే ఆయనకు వినపడదు. అందుకని గడప దాటి గల్లీలోకి వచ్చి, ఆయనంత గొంతుతోనే చెప్పాను.

"దున్నేటోనికి పంపిన! నారు ముదరక ముందే నాట్లు వెయ్యమన్న!"

పక్కిళ్ల తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఆ మటన్ తిన్నవాళ్లంతా బయటికొచ్చి మా రైతును చూశారు.