తేరు వీధిలో పాలిష్ బండలు

గుంటూరు మిరపకోతలకు వలస కూలీగా సుగ్గి పోయి తిరిగొచ్చిన రోజు మాదన్న తన వీధిని తానే గుర్తుపట్టలేకపోయాడు. ఎమ్మిగనూరులో బస్సు మారి, ఘాటు ఇంకా వదలని బట్టలతో సిద్ధనగట్టులో దిగి, బజారు దాటి తేరు వీధిలోకి తిరిగాడు. తిరిగినవాడు తిరిగినట్టే నిలబడిపోయాడు. రెండు నెలల కిందట కంకర తేలి ఉన్న వీధి ఇప్పుడు ముఖం చూసుకునేలా మెరుస్తోంది. పైన గుడి నుంచి కింద బజారు దాకా అన్నీ నున్నటి పాలిష్ బండలే. బజారు వైపున కొత్త కమాను, దాని పక్కనే చైర్మన్ పేరు చెక్కిన నల్లరాయి. గుడిలోని సిద్ధప్ప తాత తేరుకు ఈ ఏడు నూరేళ్లు నిండుతున్నాయని నగర పంచాయతీ నిధులు కుమ్మరించిందట. చూసినవాళ్లంతా ఆహా ఓహో అంటుంటే మాదన్నకు మాత్రం గుండె గుభేలుమంది.

గుభేలుమనదూ మరి! మామూలు రోజుల్లో మాదన్నను ఎవరూ తలెత్తి చూడరు. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి మూటలు మోస్తాడు, ఆ పని లేనప్పుడు సుగ్గికి పోతాడు, అంతే ఆయన సంగతి. తేరు రోజు మాత్రం ఊరి ప్రాణాలన్నీ ఆయన చేతుల్లో ఉంటాయి. మోకులు పట్టి లాగేది వెయ్యి మంది అయితే, ఆ తేరును ఆపేది, మలుపు తిప్పేది మాదన్న. తుమ్మ మొద్దు పట్టుకుని చక్రం పక్కనే వంగి నడుస్తాడు. అదను చూసి మొద్దును చక్రం కిందికి తోస్తాడు. అంతెత్తు తేరు కుక్కిన పేనులా ఆగిపోతుంది. తండ్రి బసవన్న చేసిన పనే, ఇరవై ఆరేళ్లుగా ఆయనా చేస్తున్నాడు. ఆ వీధేమో కిందికి వాలు, కింద మలుపులో పిల్లల్ని చంకనెత్తుకున్న జనం. మొద్దు జారిందంటే ఏమవుతుందో మాదన్నకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఇంట్లో అడుగు పెట్టీ పెట్టకముందే అడిగాడు.

"ఈ బండలు ఎవరు ఏపిచ్చినారు?"

భార్య తిమ్మక్క మొహం వెలిగిపోయింది. "నేనే."



తిమ్మక్క ఏటా తేరు ముందు ఆ వీధి పొడవునా పొర్లుదండాలు పెడుతుంది. ఒళ్లంతా కంకర గీరుకుపోయి వారం రోజులు మంచం దిగదు. ఈసారి వీధిలో ఆడవాళ్లందరి చేతా సంతకాలు పెట్టించి, చైర్మన్ లక్ష్మప్ప ఆఫీసు ముందు మూడు రోజులు కూర్చుంది. నిధులు ఎలాగూ ఉన్నాయి కాబట్టి లక్ష్మప్ప సరేనన్నాడు. ఒక ఆఫీసు తన మాట వినడం తిమ్మక్క బతుకులో అదే మొదటిసారి.

"ఈ బండల మింద మొద్దు నిలబడదు తిమ్మక్కా."

"పదహైదేండ్లు నా ఒళ్లు దోక్కుపోతాంటే నీకు కనపడల్యా. ఇప్పుడు మొద్దు కనపడిందా," అని ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే పోయి లక్ష్మప్పతో చెప్పుకున్నాడు. లక్ష్మప్ప చెడ్డవాడేం కాదు. "సూద్దాం పా మాదన్నా, పరీక్ష పెడితే పోలేదా," అని ఇంజనీరును వెంటబెట్టుకుని వచ్చాడు. నీళ్ల ట్యాంకరును నిండుగా నింపి మాదన్న ఇంటి ముందు వాలులో నిలబెట్టారు. మాదన్న ముందు చక్రం కింద మొద్దు పెట్టాడు. డ్రైవర్ తిరుపాల్ బ్రేకు వదిలాడు. ట్యాంకరు ఒక్కసారి కిర్రుమంది, ఆగిపోయింది. మొద్దు వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

వీధంతా నవ్వింది. "ఇంగ నిమ్మళంగా నిద్రపో అప్పా," అన్నాడు లక్ష్మప్ప. ఇరవై ఆరేళ్ల అనుభవం ఒక్క పూటలో అబద్ధమైపోతుందా? నమ్మలేక చక్రం పక్కనే గొంతుక్కూర్చుని మొద్దును తడుముతూ ఉండిపోయాడు.

మొగుడి వాలకం చూసి తిమ్మక్కకు కోపం పోయి జాలేసింది. గెలిచిన సంబరమూ ఉందనుకోండి. లోపలికి పోయి నిండు బిందె ఎత్తుకొచ్చింది. తేరు వస్తుంటే ప్రతి ఇంటి ముందూ ఆడవాళ్లు బిందెలతో నీళ్లు వారపోయడం ఆ ఊరి ఆచారం. తాత నడిచే దారి చల్లగా ఉండాలని నూరేళ్లుగా పోస్తున్నారు, కంకర ఎప్పటికప్పుడు తాగేస్తోంది. బండలు ఎంచినవాళ్లకు గానీ, సంతకాలు పెట్టినవాళ్లకు గానీ, ఆఖరికి మాదన్నకు గానీ ఆ నీళ్ల సంగతి తట్టనే లేదు.

"తేరు వచ్చినట్టే అనుకోండి," అని తిమ్మక్క బిందె వంచింది.

నీళ్లు బండల మీద పలచగా పరుచుకుని మొద్దు కిందికి చేరాయి. అంతే, మొద్దు జారింది. దాన్ని ముందుకు నెట్టుకుంటూ ట్యాంకరు కదిలింది. తిరుపాల్ బ్రేకు మీద లేచి నిలబడ్డా చక్రాలు తిరగకుండానే జారుకుంటూ పోయాయి. మాదన్న చటుక్కున చెయ్యి లాక్కున్నాడు గానీ, చొక్కా చెయ్యి చక్రం కింద పడి పర్రున చిరిగింది. ట్యాంకరు పోయి పోయి చైర్మన్ పేరున్న నల్లరాయిని గుద్ది, దాన్ని రెండు ముక్కలు చేసి ఆగింది.

తిమ్మక్క బిందె వదిలేసి వచ్చి నేల మీద చతికిలబడి, మొగుడి చెయ్యి పట్టుకుని ఒక్కో వేలూ తడిమి చూసింది. ఆమెకు ఏడుపు కూడా రావడం లేదు.

ఇంజనీరు లక్ష్మప్ప దగ్గరికి వచ్చాడు. "ఈసారికి నీళ్లు పోయొద్దని చాటింపు వేయిద్దాం సార్."

"నూరేండ్ల పొద్దు పోసిన నీళ్లు. ఎవరు ఆపుతారప్పా," అన్నాడు లక్ష్మప్ప. తేరుకు ఇంకా ఆరు రోజులే ఉంది.

తిమ్మక్క లేచింది. ఇంట్లోకి పోయి గడ్డపార తెచ్చింది. తన గుమ్మం ముందరి బండ అంచున బలంగా దించింది. మొదటి దెబ్బకు ఏమీ కాలేదు, రెండో దెబ్బకు బండ పగిలింది.

మాదన్న పోయి గడ్డపార పట్టుకున్నాడు. "ఇటు తే. ఇవి తీస్తే మల్లా కంకర మిందే పొర్లల్ల నువ్వు."

"నా తోలు మల్లా వస్తాది," అంది తిమ్మక్క. "నువ్వు ఆడ కూర్చోపో. ఆ చేతులు తేరు పొద్దుకు కావల్ల."

గడ్డపార వదల్లేదు, మూడో దెబ్బ వేసింది.