గంధం పెట్టిన లైసెన్స్ కీ

నిన్న పొద్దున సేత్తూరు బస్సులో ఉన్నాను. అమ్మ ఫోన్. "మురళి బావ పోయినాడురా. గుండె నొప్పంట."

నమ్మలేదు.

బావ మిల్లులో పెట్టిన సర్వర్‌కి ఫోన్‌లోంచే పింగ్ కొట్టాను. 'ఉన్నావా' అంటే 'ఉన్నా' అని వెంటనే బదులొచ్చింది.

మెషిన్ ఉంది. పెట్టిన మనిషి లేడు.

అదెట్లా?

బావ మా అత్త కొడుకు. రాజపాళయంలో బ్యాండేజ్ గుడ్డ నేసే మిల్లులో కంప్యూటర్లన్నీ ఆయన చేతిలోనే. తొమ్మిదితో స్కూల్ మానేసి, ఏ పనిలోనూ నిలవని నన్ను పక్కన కూర్చోపెట్టుకున్నది ఆయనొక్కడే.

ఒక ఆయుధ పూజకి మిల్లంతా కడిగి మెషిన్లకి గంధం, కుంకుమ పెట్టారు. బావ ఊరుకుంటాడా? సర్వర్ ఆపి, వెనక గుచ్చి ఉన్న లైసెన్స్ కీ పీకాడు. పెన్ డ్రైవ్ లాంటిది, అది గుచ్చి ఉంటేనే బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్ తెరుచుకునేది. శుభ్రంగా కడిగి, గంధం పూసి, స్పానర్ల పక్కన సామి పటం ముందు పెట్టాడు!

మర్నాడు కీ చచ్చింది. సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. బయట సరుకెక్కిన లారీ, చేతిలో బిల్లు లేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఫోన్ చేస్తే పండగ లీవు.

"విప్పి చూస్తామా బావా?"

"అది క్లోజ్డ్ సోర్స్ రా. దుడ్డు మనది, తెరిచే పర్మిషన్ వాళ్ళది. నువ్వు విప్పిన మా మిక్సీ ఇంకా మూటలోనే ఉండాది, తెలుసునా?"

ఒక పాత కంప్యూటర్‌లో లినక్స్ ఎక్కించి, ఓపెన్ సోర్స్ బిల్లింగ్ పెట్టాడు. సాయంత్రానికి లారీ కదిలింది.

నాకు ఆ కోడ్ తెరిచి చూపించాడు. ఎవరో రాసింది, ఎవరైనా చదవచ్చు. పిచ్చెక్కిపోయింది నాకు.

"అయితే ఇదే మేలా బావా?"

"అట్ల చెప్పలేను రా. పాతదానికైతే, పిలిస్తే వచ్చేదానికి కంపెనీ ఉండాది. దీనికి మనమే కంపెనీ. మనం లేకపోతే?"

నిన్న కాటి నుంచి వస్తుంటే మిల్లు ఓనర్ నన్ను ఆపి సరిగ్గా అదే అడిగారు. "ఇంక దాన్ని ఎవురు చూసేది తంబీ? పాత కంపెనీదే మళ్ళా పెట్టేస్తామా?"

"నేను చూస్తాను సార్."

"నువ్వా? నిలుస్తావా?"



ఇవాళ పొద్దున్నే వెళ్ళి బావ కుర్చీలో కూర్చున్నాను. మానిటర్ మీద ఆ చచ్చిన కీ, ఎండిన గంధంతో అట్లే ఉంది. తీయలేదు. కోడ్ తెరిచాను. సగం అర్థం కాలేదు.

కానీ తెరిచే ఉంది కదా. చదువుతున్నాను. లేవాలనిపించలేదు.

పోయిరా బావా. ఇంక సర్వర్ నిలిచిపోయిందని నిన్నెవరూ లేపరు. నిమ్మళంగా పండుకో.