సుగుణకు నేను నేర్పిన సైగ

ఈ సంగతి కడుపులో పెట్టుకుని ఇన్నేళ్లు ఎలా తిరిగానో నాకే తెలియదు. ప్రార్థనలో మోకరించినప్పుడు కూడా దీన్ని పక్కన పెట్టి, మిగతా పాపాలే చెప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

సుగుణా నేనూ మెదక్‌లో ఒకే దవాఖానలో నర్సు పని నేర్చుకున్నాం. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తరోజులవి. కొన్నేళ్లకు ఇద్దరం బొంబాయిలో ఓడెక్కి కువైట్ వెళ్లాం. ఒకే ఆసుపత్రి, ఒకే గది. ఆమె చేయి మంచిదని రోగులు పేరుపెట్టి అడిగేవారు. ఏడాది తిరక్కుండా ఆమెను వార్డుకు పెద్దను చేశారు. నేను సంతోషించానా? సంతోషించినట్టు కనిపించాను.

ఒక శుక్రవారం మా డాక్టరు ఒకాయన నర్సులను సముద్రానికి తీసుకెళ్లాడు. ఆయనకు మోటారు పడవ ఉండేది. కాళ్లకు చెక్కపలకలు తొడుక్కుని, పడవకు కట్టిన తాడు పట్టుకుని నీళ్లమీద జారే ఆట. ముందు నేను దిగాను. లేచీ లేవకముందే బోర్లా పడ్డాను. మళ్లీ పడ్డాను. పడవలో అందరూ నవ్వారు. సుగుణ కూడా నవ్వింది.

ఇంజను మోతలో మాట వినపడదు కాబట్టి సైగలుంటాయి. బొటనవేలు పైకి చూపితే వేగం పెంచమని, కిందికి చూపితే తగ్గించమని. సుగుణకు చెప్పమని డాక్టరు నాతో అన్నాడు. నీళ్లలో తేల్చే జాకెట్టు ఆమెకు ముడి వేస్తూ, పైకంటే తగ్గించమని, కిందికంటే పెంచమని తిరగేసి చెప్పాను. ఆమె కూడా ఒకసారి బోర్లా పడాలి, అందరూ నవ్వాలి, అంతే అనుకున్నాను. అంతేనా? ఇప్పటికీ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

సుగుణ మొదటిసారే లేచి నిలబడింది. అప్పుడే గాలి మారింది. ఆకాశం దుమ్ముతో పచ్చబడి, నీళ్లు నల్లగా ఉబ్బాయి. ఆమెను చూస్తూ, ఆమె సైగలు డాక్టరుకు చెప్పడం నా పని. ఆమె బొటనవేలు పైకి లేపింది. “వేగం పెంచమంటోంది” అన్నాను. పడవ ఉరికింది. మళ్లీ లేపింది. ఈసారి చేయి నిటారుగా, నోరు తెరిచి ఏదో అరుస్తూ. రోజూ రోగుల మొహాలు చూసేదాన్ని, భయం గుర్తుపట్టలేనా? గుర్తుపట్టాను. “ఇంకా” అన్నాను.

తాడు వదిలేయాలని ఆమెకు తోచలేదు. జాకెట్టున్నా, వదిలితే మునిగిపోతానని భయపడి ఉంటుంది. అల మీద ఎగిరి పడింది. చెంప నీళ్లకు కొట్టుకున్న చప్పుడు ఆ మోతలోనూ నాకు వినిపించింది. పైకి లాగేసరికి చెవిలోంచి రక్తం.

తర్వాత రెండు చెవులకూ చీము పట్టింది. ఒకటి పూర్తిగా పోయింది, రెండోది చాలావరకు. గుండె చప్పుడు వినలేని నర్సును ఎవరుంచుకుంటారు? ఆమె మెదక్ వచ్చేసింది. ఆమె పదవి నాకిచ్చారు. తీసుకున్నాను.

సెలవులో వచ్చి ఆమె ఇంటికి వెళ్లాను.

“బొటనవేలు మీదికి లేపితే తగ్గియ్యమన్నట్టని నువ్వే చెప్పినవ్ గద?” అని అడిగింది.

ఆమె చెవి దగ్గర వంగి గట్టిగా అరవాల్సి వచ్చింది. “లేదు. కిందికని చెప్పిన. నువ్వే మర్చిపోయినవ్.”

సుగుణ తన బొటనవేలు పైకి లేపి చూసుకుంది. “గట్లనా... నా తప్పేనన్నట్టు. నిన్ను మస్తు పరేషాన్ చేసిన. మనసుల పెట్టుకోకు.”

టీ ఇచ్చింది. తాగాను.

కొన్నేళ్లకు నేనూ తిరిగొచ్చాను, ఇప్పుడిద్దరం మెదక్‌లోనే ఉన్నాం. తన బుద్ధి మీద ఆమెకు నమ్మకం పోయింది. మందు పేరు చెప్పాలన్నా, పొరుగువాళ్ల పసిబిడ్డను ఎత్తుకోవాలన్నా, తనవల్ల ఏదో తప్పు జరుగుతుందని వెనక్కి తగ్గుతుంది. బజారులో ఎదురైతే నా పెదాలు చూసి మాట తెలుసుకుంటుంది. ఆ చూపు తట్టుకోలేక ముఖం తిప్పుకుంటాను. నేను ముఖం తిప్పితే ఆమెకు నా మాట అందదు. అదీ తెలుసు, అయినా తిప్పుకుంటాను.

సుగుణ ఏదీ మర్చిపోలేదు. అబద్ధం నాది. క్షమించమని మిమ్మల్ని అడగను, అడగాల్సిన మనిషి రెండు వీధుల అవతల ఉంది. ఆమెకు చెప్పే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. ఇంతవరకు మాత్రం మీకు రాయగలిగాను.